తరిగొండ వెంగమాంబ: ఊరు పొమ్మన్నా ఊరి పేరు వదలని అమ్మ

ఓం నమో వేంకటేశాయ 🙏

మన శుక్రవారం భక్తుల కథల్లో ఈ వారం తరిగొండ వెంగమాంబ కథ. కొంచెం పొడుగు ఉంటుంది. డ్యూటీ దిగి, వంట పని అయ్యాక తీరిగ్గా చదువుకోండి.

తిరుమల పోయినవాళ్ళంతా ఈ పేరు చూసే ఉంటారు. దర్శనం అయ్యి, లడ్డూ తీసుకుని, కాళ్ళు పీకుతుంటే భోజనానికి పోతాం కదా, ఆ పెద్ద భవనం మీద రాసి ఉంటుంది, మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనం అని. బోర్డు చదువుతాం, లోపలికి పోతాం, వేడి వేడి అన్నం తింటాం, చెయ్యి కడుక్కుని బస్సు ఎక్కుతాం. ఎవరీ వెంగమాంబ అని అడిగేవాళ్ళు తక్కువ. అడిగినా, గొప్ప భక్తురాలంట, స్వామికి హారతి ఇచ్చేదంట అని ఒక్క ముక్కలో అయిపోతుంది.

ఆ ఒక్క ముక్కలో పోయేది చాలా ఉంది. ఆమె తన మనసులో ఉన్న నిజాన్ని ఊరందరి ముందూ చెప్పింది. చెప్పినందుకు పుట్టిన ఊరే పోగొట్టుకుంది. మహిమల కథలు మనం రోజూ ఫార్వర్డ్ చేస్తాం గానీ, ఈ సంగతి ఎవరూ ఎక్కువగా రాయరు.

తరిగొండ రాయలసీమలో చిన్న ఊరు. గుర్రంకొండ కోటకు దగ్గర, వాయల్పాడు వైపు. మన గ్రూపులో రాయచోటి, పీలేరు, మదనపల్లె వైపు వాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకు నేను దారి చెప్పనక్కర్లేదు. ఆ ఊళ్ళో లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది. 1730లో, వైశాఖ శుద్ధ చతుర్దశి, అంటే నరసింహ జయంతి నాడు వెంగమాంబ అక్కడ పుట్టింది. తండ్రి కానాల కృష్ణయ్య గారు, తల్లి మంగమాంబ. నందవరీక బ్రాహ్మణులు. మడి, ఆచారం గట్టిగా పాటించే ఇల్లు.

చిన్నప్పటి నుంచీ ఆ పిల్లకు దేవుడే ఆట, దేవుడే పాట. తోటి పిల్లలు గుజ్జనగూళ్ళు ఆడుతుంటే ఈమె గుళ్ళో కూర్చుని పాడుతూ ఉండేదట. ఇరుగుపొరుగు మొదట ముచ్చటపడ్డారు, తర్వాత పిల్లకు పిచ్చి పట్టిందేమో అన్నారు. మదనపల్లెలో రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి గారని ఒక పండితుడు ఉండేవారు. ఆమెకు మంత్రం ఇచ్చి, యోగమార్గం చూపించిన గురువు ఆయనే. తర్వాత తను రాసిన గ్రంథాల్లో ఈ గురువు పేరు భక్తితో తలచుకుంది. అదే చోట ఇంకో మాట కూడా రాసుకుంది. తనకు ఛందస్సు తెలియదని, పద్ధతిగా ఓనమాలు కూడా దిద్దలేదని, తరిగొండ నరసింహుడు పలికిస్తే పలికానని. పెద్ద పెద్ద కవులు తమ పాండిత్యం గురించి పద్యాల మీద పద్యాలు చెప్పుకునే చోట ఈ తల్లి చెప్పుకున్నది ఇది.

అప్పటి పద్ధతి ప్రకారం చిన్నతనంలోనే పెళ్ళి చేశారు. భర్త పేరు వేంకటాచలపతి. కాపురం అంటూ తెలియకముందే ఆయన చనిపోయాడు.

భర్త పోతే ఆ రోజుల్లో అటువంటి ఇళ్ళల్లో ఆడపిల్లకు ఏం జరిగేదో ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. గాజులు పగలగొట్టేవాళ్ళు. బొట్టు చెరిపేవాళ్ళు. ఈడు వచ్చాక తల గొరిగించేవాళ్ళు, అది కూడా ఒక్కసారి కాదు, జుట్టు పెరిగినప్పుడల్లా, చచ్చేదాకా. ఒక్కపూట తిండి, రంగులేని బట్ట, ఇంటి వెనకవైపు బతుకు. పొద్దున్నే ఎదురొస్తే అపశకునమని వెనక్కి తిరిగి పోయేవాళ్ళు. పదేళ్ళ పిల్ల అయినా, ఇరవై ఏళ్ళ పిల్ల అయినా ఇంతే. కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. వెంగమాంబ పుట్టినప్పటి నుంచి లెక్కేస్తే అది నూటయాభై ఏళ్ళ తర్వాతి సంగతి. అంటే ఆమెకు అండగా సంఘసంస్కర్త లేడు, పత్రిక లేదు, చట్టం లేదు.

ఇది పాతకాలం ముచ్చట అనుకోవద్దు. ఇక్కడ ఇళ్ళల్లో పనిచేసే మన చెల్లెలు ఒకామె పోయిన నెలలో నాకు వాయిస్ మెసేజ్ పెట్టింది. భర్త పోయి ఏడేళ్ళు. పిల్లల చదువు, ఇంటి అప్పు అన్నీ ఈమె జీతం మీదే నడుస్తున్నాయి. సెలవుకు పోయి అన్న కూతురి పెళ్ళికి బంగారం కూడా పెట్టింది. పసుపు కొట్టే చోటికి పోతే, నువ్వు కొంచెం అటు కూర్చోమ్మా అన్నారట. ఎవరూ గట్టిగా తిట్టలేదు, మెల్లగానే చెప్పారు. ఆమె వెళ్ళి వంటవాళ్ళ దగ్గర కూర్చుందట. వెంగమాంబ గురించి రాయమని అడిగింది ఆ చెల్లెలే.

సరే, కథకు వద్దాం.

తల గొరిగించాలని పెద్దలు చెప్పినప్పుడు వెంగమాంబ ఒప్పుకోలేదు. తన భర్త వేంకటేశ్వరుడని, ఆయనకు చావు లేదని, కాబట్టి తను విధవను కానని చెప్పింది. బొట్టు పెట్టుకుంది, జుట్టు ఉంచుకుంది, పూలు పెట్టుకుంది.

ఇక్కడ ఒక్క విషయం ఆలోచించండి. ఆమె తప్పించుకోవాలనుకుంటే దారులు లేకపోలేదు. జబ్బు అని చెప్పి వాయిదా వేయొచ్చు. తలమీద కొంగు కప్పుకుని గదిలో కూర్చుని జపం చేసుకుంటే, ఊరు కూడా చూసీ చూడనట్టు వదిలేసేదేమో. మన సమాజాల్లో ఎప్పుడూ ఇంతే కదా, లోపల ఏం చేసినా పర్వాలేదు, బయటికి మాత్రం అనకూడదు. ఈమె బయటికి అనింది. మనసులో ఒకటి నమ్ముతూ, నెత్తి మీద ఇంకొకటి చూపించడం ఆమె వల్ల కాలేదు. నేను విధవనని ఒప్పుకుని తల వంచితే, రోజూ స్వామికి నువ్వే నా భర్తవని చెప్పే మాట అబద్ధం అయిపోతుంది. ఆమె బాధ అది. జుట్టు మీద మోజు కాదు.

పెద్దలు రాక్షసులని కూడా నేను అనను. వాళ్ళకు భయం. ఒక ఇంట్లో ఆచారం తప్పితే పాపం ఊరంతటికీ తగులుతుందని నిజంగానే నమ్మారు. ఒక పిల్లను వదిలేస్తే రేపు ఇంకో ఇంట్లో ఇంకో పిల్ల అడుగుతుందని కూడా తెలుసు. అందుకే నయాన చెప్పారు, భయాన చెప్పారు, చివరికి ఇంటి మీద పడ్డారు. వెలి అంటే ఏమిటో పల్లెటూరి వాళ్ళకు తెలుసు. పురోహితుడు గడప తొక్కడు, శుభానికి పిలవరు, చావుకు రారు, నలుగురిలో మాట కలపరు. మాట అన్నది కూతురైతే, తలొంచుకుని వీధిలో నడవాల్సింది కృష్ణయ్య గారు. ఆ తండ్రి ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా ఉన్నాడో మనం ఊహించుకోవచ్చు. కూతురి పక్క నిలబడితే కులం పోతుంది, కులం పక్క నిలబడితే కూతురు పోతుంది.

ఊరి మాట చెల్లకపోయేసరికి విషయం పైకి పోయింది. కడప దగ్గర పెన్న ఒడ్డున పుష్పగిరి ఉంది, అక్కడి శంకర పీఠం ఆ ప్రాంతంలో ఆచార వ్యవహారాలకు పెద్ద దిక్కు. పీఠాధిపతి వచ్చినప్పుడు ఊరివాళ్ళు ఫిర్యాదు చేశారట. ఆమెను పిలిపించారు. ఒక పక్క స్వాములవారు, శిష్యులు, శాస్త్రాలు చదివిన పండితులు. ఇంకో పక్క ఒంటరిగా వెంగమాంబ. జనం చెప్పుకునే కథ ఏమిటంటే, ఆమె వచ్చి నిలబడింది గానీ నమస్కారం చేయలేదు. ఎందుకు చేయలేదని అడిగితే, ముందు మీరు ఆ పీఠం దిగండి అని కోరింది. ఆయన దిగారు. ఆమె ఖాళీ పీఠానికి చేతులు జోడించింది, పీఠం భగ్గుమని మండిపోయింది. స్వాములవారు ఆమె శక్తిని గుర్తించి, ఈమె జోలికి పోవద్దని చెప్పి వెళ్ళిపోయారు.

2009లో మీనా గారు వెంగమాంబగా వేసిన సినిమా వచ్చింది కదా, అది చూసినవాళ్ళకు ఇలాంటి ఘట్టాలు బాగా తెలుసు. నేను కాదనను. భక్తుల కథల్లో మంట ఉంటుంది, మహిమ ఉంటుంది. కానీ నన్ను అడిగితే, ఆ పీఠం మండకపోయినా ఆ రోజు జరిగింది చిన్న సంగతి కాదు. అంతమంది పెద్దల ముందు ఒక ఆడపిల్ల నిలబడి, అవతలివాళ్ళను ఒక్క మాట తూలకుండా, తను నమ్మింది తను చెప్పింది. మంటలు చూపించి ఈ సంగతిని మరుగున పడేయకూడదని నా బాధ. ఇంకోటి కూడా చూడండి. పీఠం మండింది, అందరూ దణ్ణం పెట్టారు అని కథ ముగిస్తే, ఇక ఆమె సుఖంగా ఊళ్ళో ఉండాలి. అలా జరగలేదు.

పెద్దస్వామి వదిలేశారు గానీ ఊరు వదల్లేదు. సూటిపోటి మాటలు ఆగలేదు. ఇంట్లో ఉంటే ఇంటివాళ్ళకు బాధ, వీధిలోకి వస్తే ఊరికి కంటగింపు. ఆమెకు మిగిలింది నరసింహస్వామి గుడి. అక్కడ ఆంజనేయస్వామి విగ్రహం వెనక, ఎవరికీ కనపడని చోట కూర్చుని యోగం చేసుకునేదని చెబుతారు. చూడండి, తన ఊళ్ళో, తన దేవుడి గుళ్ళో, దాక్కుని కూర్చోవాల్సి వచ్చింది. ఆ చోటు కూడా దక్కలేదు. పూజారి చూశాడు, నానా మాటలు అని బయటికి ఈడ్చాడు.

ఆ తర్వాత ఆమె తరిగొండ వదిలేసింది.

తరిగొండ నుంచి తిరుమల ఇప్పుడు బస్సులో కొన్ని గంటల దారి. అప్పుడు నడక. అడవులు, కొండలు. కాలం కూడా మంచిది కాదు. గుర్రంకొండ సీమ కడప నవాబులు, మరాఠాలు, హైదర్ అలీ మధ్య చేతులు మారుతూ ఉండేది. అటువంటి రోజుల్లో ఒంటరి ఆడమనిషి బయల్దేరింది. చేతిలో డబ్బు లేదు, అక్కడ ఎదురుచూసే చుట్టం లేదు. మనమైనా ఊరు వదిలేటప్పుడు వీసా, టికెట్టు, ఎయిర్‌పోర్టులో పికప్ చేసుకునే మనిషి, ఏదో ఒకటి ఉంటుంది. రెండేళ్ళకో మూడేళ్ళకో తిరిగి వస్తామనే ఆశ కూడా ఉంటుంది. ఆమెకు అది కూడా లేదు.

కొండ మీద అందరూ ఎదురొచ్చి హారతి పట్టలేదు. అన్నమయ్య వంశం వాళ్ళు, తాళ్ళపాకవారు, ఆదరించి ఉండటానికి చోటు చూపించారంటారు. కానీ బొట్టు, జుట్టు ఉన్న విధవ అనే మాట ఆమె కంటే ముందే కొండ ఎక్కింది. పక్కింటాయన గుడిలో పూజ చేసే మనిషే, తిన్న విస్తరాకులు ఆమె ఇంటి ఆవరణలో పారేసేవాడని, జపానికి కూర్చుంటే గోల చేయించేవాడని కథ. పల్లె మారింది గానీ మనుషులు మారలేదు. చివరికి ఆమె కొండ మీది ఇల్లు కూడా వదిలి, అడవిలో తుంబురుకోనకు పోయి ఏళ్ళ తరబడి తపస్సు చేసింది. తుంబురు తీర్థానికి నడిచిపోయినవాళ్ళు మన గ్రూపులో ఉంటే ఆ దారి ఎలా ఉంటుందో రాయండి. రాళ్ళు, నీళ్ళు, లోయ తప్ప ఏమీ లేని చోటు అది. రాత్రిపూట ఆమె అక్కడి నుంచి సొరంగ మార్గంలో స్వామి దగ్గరికి వచ్చి పూజ చేసి పోయేదని భక్తులు నమ్ముతారు.

తర్వాత ఆమెను పిలిచి మళ్ళీ కొండ మీదికి తెచ్చుకున్నారు. అప్పటికి ఆమె విలువ తెలిసింది, వయసు కూడా పైబడింది. ఆ తర్వాత ఎక్కువగా రాసింది, ఎక్కువగా పెట్టింది.

రాసిన సంగతి ముందు. చిన్నవీ పెద్దవీ కలిపి పద్ధెనిమిది గ్రంథాలంటారు. తరిగొండలో ఉన్నప్పుడే నృసింహ శతకం, శివనాటకం, రాజయోగామృతసారం రాసింది. కొండకు వచ్చాక వేంకటాచల మాహాత్మ్యం, విష్ణుపారిజాతం, రమాపరిణయం, ద్విపదలో భాగవతం, వాసిష్ఠ రామాయణం. ద్విపద అంటే రెండేసి పాదాలుగా సాగే పాట వంటి ఛందస్సు, చదువురాని వాళ్ళు కూడా విని నోటికి నేర్చుకోవచ్చు. యక్షగానాలు కూడా రాసింది, అవి వీధిలో ఆడేవి. యోగం, వేదాంతం వంటి విషయాలు ఆడవాళ్ళకు, పామరులకు అక్కర్లేదనుకునే కాలంలో, ఆమె వాటిని తెలుగులోకి తెచ్చి వాళ్ళ నోటికి అందే రూపంలో పెట్టింది.

ఆ గ్రంథాల్లో నన్ను కదిలించేది ఒకటుంది. తిరుమలలో కూర్చుని రాసినా, ఆమె అంకితం చేసేది తరిగొండ నరసింహుడికి. ఆ నరసింహుడూ, ఈ వేంకటేశుడూ ఒక్కరే అని చెబుతుంది. ఏ గుళ్ళోంచి ఈడ్చి బయట పడేశారో, ఆ గుళ్ళో దేవుడి పేరే. ఎనభై ఏళ్ళు దాటినా ఆ పేరు వదల్లేదు. ఊరి మీద కోపంతో ఆ ఊరి దేవుడిని వదులుకోలేదు. అలాగని, తప్పు నాదే, క్షమించండి అంటూ ఊరికి తిరిగి కూడా పోలేదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటం చాలా కష్టం. దూరదేశంలో ఉండి, ఇంటివాళ్ళ మీద అలిగి కూడా నెల నెలా డబ్బు పంపేవాళ్ళకు ఇది నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇక పెట్టిన సంగతి. అప్పట్లో కొండ ఎక్కడం అంటే నడిచి ఎక్కడమే. పైకి వచ్చేసరికి ఆకలి, దాహం. వెంగమాంబ యాత్రికులకు అన్నం పెట్టింది, దాహానికి నీళ్ళు పోయించింది, నృసింహ జయంతికి మరీ పెద్దగా చేసేది. భక్తులు ఇచ్చిన కానుకలన్నీ ఇందుకే ఖర్చుపెట్టింది. ఊళ్ళో విందుకు పిలవని మనిషి, పంక్తిలో చోటు లేని మనిషి, కొండ మీద ఊరూ పేరూ అడక్కుండా అందరికీ వడ్డించింది. తిరుమల తిరుపతి దేవస్థానం వాళ్ళు నిత్యాన్నదానం మొదలుపెట్టింది 1985లో. కొత్త భవనం కట్టి 2011లో తెరిచినప్పుడు దానికి ఆమె పేరు పెట్టారు. నా మటుకు, ఇంతకంటే సరైన పేరు దొరకదు.

రాత్రి ఏకాంతసేవ గురించి కూడా చెప్పాలి. రోజు చివర స్వామిని పవళింపజేసేటప్పుడు తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి హారతి జరుగుతాయి. వెండి పళ్ళెంలో ముత్యాలు పేర్చి ఇచ్చే ఆ హారతినే ముత్యాల హారతి అంటారు. అది వెంగమాంబ పేరు మీద నడిచే సేవ. వేలాది మంది పగలంతా క్యూలో నిలబడి స్వామిని చూసి పోయాక, తలుపులు వేసే ముందు ఆయనకు అందే హారతి ఆమెది. అన్నమయ్య పాటకు పక్కన ఆమె హారతికి చోటు దొరికింది. ఇంత గౌరవం మన తెలుగునేల మీద ఇంకో ఆడమనిషికి దక్కిందా అని ఆలోచిస్తే నాకు తట్టడం లేదు.

కానీ ఇది చదివి, చివరికి అంతా మంచే జరిగింది కదా అని తేలిగ్గా అనేయకండి. హారతి దక్కడం వేరు, అమ్మానాన్నల దగ్గర బతకడం వేరు. ఒంట్లో బాగోకపోతే నుదుటి మీద చెయ్యి వేసే మనిషి లేకుండా కోనలో గడిపిన ఆ ఏళ్ళు ఆమెకు ఎవరూ తిరిగి ఇవ్వలేదు. ఆమెను పొమ్మన్నవాళ్ళలో ఎవరైనా తర్వాత కొండకు వచ్చి, ఆమె పెట్టిన అన్నం తిని, ముఖం చూడలేక తలొంచుకుని పోయారేమో అని నాకు ఒక్కోసారి అనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే, కథలో లేదు.

1817లో, ఈశ్వర నామ సంవత్సరం శ్రావణ శుద్ధ నవమి నాడు, ఎనభై ఏడేళ్ళ వయసులో ఆమె సమాధి అయింది. జుట్టూ, బొట్టూ అలాగే ఉన్నాయి.

ఈసారి సెలవుకు పోయి కొండ ఎక్కితే, భోజనం అయ్యాక వెంటనే బస్సు ఎక్కకండి. గుడికి ఉత్తరం వైపు, బడి ఆవరణలో ఆమె బృందావనం ఉంది. పెద్ద క్యూ ఏమీ ఉండదు, అడిగితే ఎవరైనా చూపిస్తారు. ఏటా నరసింహ జయంతికి, శ్రావణ శుద్ధ నవమికి అక్కడ పుష్పాంజలి సమర్పిస్తారు. నాకు వాయిస్ మెసేజ్ పెట్టిన చెల్లెలు ఈ డిసెంబరు సెలవుకు పిల్లలను తీసుకుని అక్కడికి పోతానంది. బొట్టు పెట్టుకుని పోవచ్చా అన్నా అని అడిగింది. పెట్టుకునే పోమ్మా అన్నాను.

గోవిందా గోవిందా 🙏